‘అన్నా’ అని పిలిచాక ‘రా’ అనాలా, ‘రండి’ అనాలా?

ఈసారి ఉత్తరాలన్నీ తిరుపతి, చిత్తూరు హోటళ్ల గురించే. కౌంటర్‌కి అవతల నిలబడేవాళ్లూ రాశారు, ఇవతల నిలబడేవాళ్లూ రాశారు.

ప్రశ్న: మాది చంద్రగిరి పక్క పల్లె. తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జి రిసెప్షన్‌లో పని చేస్తున్నాను. మొన్న గుంటూరు నుంచి ఒక కుటుంబం వచ్చింది. ‘రాన్నా, ఎంతమంది ఉండారు, ఆధార్ ఇయ్యి’ అన్నాను. ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చింది. ‘నన్ను నువ్వు అంటావా, ఇయ్యి ఏంటి ఇయ్యి’ అని ఓనర్ దాకా తీసుకెళ్లాడు. మా ఊళ్లో పెద్దవాళ్లను కూడా అట్లే పిలుస్తాం, అన్నా అంటేనే గౌరవం కదా. నాది తప్పా?
– ఒక రిసెప్షనిస్టు, తిరుపతి

జవాబు: తమ్ముడూ, నీ మనసులో తప్పు లేదు, ఆయన కోపంలోనూ తప్పు లేదు. మన వైపు గౌరవమంతా ‘అన్నా’లో ఉంటుంది. ఆ ఒక్క పిలుపు పడితే చాలు, తర్వాత ‘రా’ అన్నా ‘చెప్పు’ అన్నా ఎవరూ పట్టించుకోరు, పైగా దగ్గరితనం అనుకుంటారు. కృష్ణా, గుంటూరు, గోదావరి వైపు అలా కాదు, వాళ్లకు మర్యాద క్రియలో వినపడాలి, చివర ‘అండి’ లేకపోతే మొదట్లో నువ్వు ‘అన్నా’ అని పిలిచినా, ‘సార్’ అని పిలిచినా వాళ్ల చెవికి ఎక్కదు. రాత్రంతా రైల్లో కూర్చుని, పిల్లల్ని, సంచుల్ని మోసుకుని దిగిన మనిషి ‘ఇయ్యి’ అని వినగానే ఇది చిత్తూరు మాట, ఇందులో అవమానం లేదు అని ఆలోచించే స్థితిలో ఉండడు.

అందుకని నీ అన్నాని వదులుకోవద్దు. ఆ పిలుపు మన ఊరి ఆస్తి, దాన్ని తీసేసి అందరినీ బిగదీసుకుని సార్, మేడమ్ అనమని నేను చెప్పను. ‘రండన్నా, ఎంతమంది వచ్చారు? ఒక్కసారి మీ ఆధార్ ఇస్తారా?’ అను. అన్నా అలాగే ఉంది, మర్యాద రెండు వైపులకూ సరిపోయింది. మన పక్కవాళ్లు వస్తే వాళ్లే ‘ఏం నాయనా, మమ్మల్ని రండి పొండి అంటాండావు’ అని నవ్వుతారు, అప్పుడు మన మాటలోకి దిగిపోవచ్చు. ఎక్కువ మర్యాద నుంచి దగ్గరితనంలోకి రావడం తేలిక. మొదటే దగ్గరికెళ్లి, అవతలివాళ్లు ముఖం చిట్లించాక వెనక్కి రావడం కష్టం.

ఐడీ అడిగేటప్పుడు కారణం కూడా చెప్పు. ‘రూల్ సార్’ అనొద్దు, అది ఎదుటివాణ్ణి అనుమానించినట్టు ఉంటుంది. ‘దిగినవాళ్లందరి వివరాలూ రాసుకోవాలి సార్, పోలీసులు వచ్చి చూస్తుంటారు’ అంటే ఎవరూ గొణగరు. విదేశీయులైతే ఇంకా అవసరం, వాళ్లు దిగిన 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలి కాబట్టి పాస్‌పోర్టు, వీసా ఎందుకు అడుగుతున్నావో నిదానంగా వివరించు.

మాలలో ఉన్నవాళ్ల సంగతి నీకు తెలిసే ఉంటుంది, అయినా కొత్తగా చేరినవాళ్ల కోసం రాస్తున్నా. నవంబరు నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు వస్తుంటారు. వయసు ఎంతైనా, చిన్నపిల్లాడైనా ‘స్వామీ’ అనే పిలవాలి, మాల వేసుకున్న ఆడవాళ్లను ‘మాతా’ అనాలి. భవానీ దీక్షలో ఉన్నవాళ్లయితే ‘భవానీ’. వీళ్లలో చాలామంది మంచం మీద పడుకోరు, వాళ్లు అడగకముందే రెండు చాపలు రూములో వేయించు. పిలుపు కన్నా ఆ చాపలు ఎక్కువ గుర్తుంటాయి.

ప్రశ్న: నేను టీచర్‌ని, వయసు 46. మొక్కు ఉండి ఒక్కదాన్నే తిరుపతి వచ్చాను. హోటల్ కౌంటర్‌లో ‘సార్ రాలేదా, జెంట్స్ ఎవరూ లేరా’ అని అడిగిందే అడిగారు. రూమ్ ఇచ్చాక బ్యాగు మోసిన అబ్బాయి ‘ఇటు రండి ఆంటీ’ అన్నాడు. ఏది ఎక్కువ బాధపెట్టిందో చెప్పలేను.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మొదటిదే ఎక్కువ తప్పు, నాకు అందులో సందేహం లేదు. ఒంటరిగా వచ్చిన ఆడమనిషికి హోటల్లో రూమ్ ఇవ్వకూడదనే చట్టం ఏదీ లేదు. కౌంటర్‌లో అడగాల్సింది ‘ఎంతమంది ఉంటారు మేడమ్?’ అని, అంతే. ఒక్కరే అని మీరు చెప్పాక ఆ సంగతి అక్కడితో ఆగిపోవాలి. భర్త పోయిన ఆవిడని ‘సార్ రాలేదా’ అని అడిగితే ఏమవుతుందో ఈ పిల్లలకు ఎవరూ చెప్పరు, అది చెప్పాల్సింది మేనేజర్లు. మళ్లీ ఎవరైనా అలా అడిగితే ‘నేను ఒక్కదాన్నే, రూమ్ ఉందా లేదా చెప్పండి’ అనండి. గొంతు పెంచాల్సిన పని లేదు, సంజాయిషీ ఇవ్వాల్సిన పని అసలే లేదు.

ఆంటీ అన్న అబ్బాయిని మాత్రం క్షమించండి, అతను గౌరవం అనుకునే అన్నాడు. అయినా హోటల్ పిల్లలకు నా సలహా ఒకటే: మేడమ్ అనండి, లేదా అమ్మా అనండి. అమ్మా అంటే ఇరవై ఏళ్ల అమ్మాయికీ సరిపోతుంది, ఎనభై ఏళ్ల అవ్వకీ సరిపోతుంది. ఆంటీ, అవ్వా, పెద్దాయనా అనేవి ఎదుటివాళ్ల వయసు మనం లెక్కగట్టి వాళ్ల ముఖాన చెప్పినట్టు అవుతాయి.

ప్రశ్న: రూమ్ బాయ్‌ని ఏమని పిలవాలి? టిప్ ఎంత ఇస్తే పద్ధతి?
– ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: ‘ఏయ్’, ‘ఓయ్’, చిటిక వేయడం, ఇవి మూడూ వదిలేయండి చాలు. బాయ్ అన్నది ఉద్యోగం పేరేగానీ, చాలాచోట్ల ఆ పని చేసేది పిల్లల పెళ్లిళ్లు చేసిన మనుషులు. అన్నా అనండి, చిన్నవాడైతే తమ్ముడూ అనండి. చొక్కా మీద పేరు బ్యాడ్జి ఉంటే ఆ పేరుతో పిలవండి. గదులు ఊడ్చే ఆవిడను ‘అక్కా’ అని పిలిస్తే ఎంత తేలికపడుతుందో మీరే చూస్తారు. ఇంకోటి, గుండు చేయించుకున్న ఇంటిల్లిపాదీ ఒకే బాత్రూములో స్నానం చేసి వదిలిన గది శుభ్రం చేయడం మామూలు చాకిరీ కాదు, వెళ్లేటప్పుడు ఆవిడ చేతిలోనే ఏదైనా పెట్టండి, కౌంటర్‌లో ఇస్తే ఆవిడ దాకా రాకపోవచ్చు. ఇంత అని లెక్క లేదు, మీ ఇష్టం. కానీ భోజనం బిల్లులో సర్వీస్ ఛార్జి దానంతటదే కలిపితే అది కట్టి తీరాలని లేదు. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అలా కలపకూడదని చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగండి, వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు.

ప్రశ్న: చిత్తూరులో చిన్న హోటల్ ఉంది. వేలూరు, చెన్నై వాళ్లూ, బెంగళూరు వాళ్లూ దిగుతుంటారు. మా స్టాఫ్‌కి భాష రాదు, ఏం నేర్పించాలి? ఇంకో తలనొప్పి: టైమ్ అయిపోయినా కొందరు తిరుమల నుంచి రారు, ఫోన్ ఎత్తరు, వచ్చాక డబ్బు అడిగితే గొడవ.
– ఒక హోటల్ యజమాని, చిత్తూరు

జవాబు: మీ వాళ్లకు సగం భాష ఇప్పటికే వచ్చు. అమ్మా, అన్నా, అక్కా తెలుగులో, తమిళంలో, కన్నడంలో ఒకటే. మీరు నేర్పాల్సింది మర్యాద రూపం. తమిళులకు ‘వా’ కాదు ‘వాంగ’, ‘సొల్లు’ కాదు ‘సొల్లుంగ’. కన్నడిగులకు ‘బన్ని’, ‘హేళి’. హిందీవాళ్లతో ‘తుమ్’ జోలికి పోకుండా ‘ఆప్’, ‘ఆయియే’ అంటే చాలు. తమిళుల పురటాసి నెల శనివారాలకు తమిళనాడు నుంచి తిరుమలకు జనం విరగబడతారు కదా, ఆ నెల మొదలయ్యేలోపు రోజూ పది నిమిషాలు పలికించండి.

స్టాఫ్ వాళ్లలో వాళ్లు మాట్లాడుకునే మాటలు కూడా సరిచేయండి. ‘203 పార్టీ వచ్చినాడు’, ‘ఆ గుండాయనకు నీళ్లియ్యి’ అని మెట్ల దగ్గర అరుస్తారు, అది గది లోపలికి వినపడుతుంది. స్వామికి తలనీలాలు ఇచ్చి వచ్చిన మనిషి, అందులోనూ ఆడవాళ్లు, ఆ మాట వింటే ఎంత నొచ్చుకుంటారు! ఐడీలో జుట్టుతో ఉన్న మనిషి గుండుతో తిరిగొస్తే కౌంటర్‌లో కుర్రాడు గుర్తుపట్టలేడు, అది సహజం. ‘ఎవరు మీరు’ అనకుండా ‘రండి సార్, దర్శనం బాగా అయిందా? రూమ్ నంబర్ ఎంత?’ అంటే సరిపోతుంది.

ఇక ఫోన్ ఎత్తకపోవడం. గుడిలోకి సెల్‌ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, వాళ్ల ఫోన్ డిపాజిట్ కౌంటర్‌లో ఉంటుంది, వాళ్లు దర్శనం క్యూ కంపార్టుమెంటులో కూర్చుని ఉంటారు. మీరు ఎన్నిసార్లు కొట్టినా లాభం లేదు, వాళ్లు కావాలని చేసింది కాదు. కాబట్టి ఆ మాట తాళం ఇచ్చేటప్పుడే రావాలి. ‘మీ టైమ్ రేపు పొద్దున 11 దాకా అన్నా. క్యూలో లేటయితే కంగారుపడకండి, సామాను క్లోక్ రూములో పెట్టి పోతారా, లేక ఇంకో రోజుకు రాసుకోమంటారా?’ అని అడిగించండి, ఇంకో రోజుకు ఎంతవుతుందో అప్పుడే చెప్పించి, రసీదు వెనక టైమ్ పెద్ద అక్షరాలతో రాయించండి. రాత్రంతా క్యూలో నిలబడి వచ్చినవాళ్లకు ముందు మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టాకే లెక్క తీయండి, ‘ఖాళీ చేయండి’ అనే మాట మీ స్టాఫ్ నోట రానివ్వొద్దు.