అయిదుగురికి ఒకటిన్నర టికెట్టు

ప్రశ్న: మేం రాజాంలో ఉంటాం. ప్రైవేటు ఉద్యోగం, నెలకు 38,000 చేతికొస్తుంది. మా ఆవిడ ఇంట్లో మిషను కుట్టి ఎనిమిది, తొమ్మిది వేలు తెస్తుంది. అమ్మాయికి 14, అబ్బాయికి 9 ఏళ్లు. అమ్మకు 64, మా దగ్గరే ఉంటుంది. లక్ష రూపాయల చీటీకి నెలకు 5,000 కడుతున్నాను, ఇంకో ఐదు నెలల్లో అయిపోతుంది. అది కట్టాక, ఇంటి ఖర్చులు పోను 7,000 మిగులుతాయి. బంగారం లోను 60,000 ఉంది. బ్యాంకులో 25,000. కిందటేడు నాన్న పోయారు. అప్పటినుంచి ఇంట్లో ఎవరి ఫోను వారిది. అమ్మ గుమ్మం దాటడం లేదు. అందరం ఎక్కడికైనా వెళ్లొస్తే ఇంట్లో మళ్లీ మాట పుడుతుందని మా ఆవిడ అంటోంది. ఆరు రోజుల కేరళ టూరు ఐదుగురికి 1,35,000 అని ఒక ఏజెంటు చెప్పాడు. ఏడాదిపాటు ఈఎంఐ 12,200, ప్రాసెసింగ్ ఫీజు 2,000, వడ్డీ ఎనిమిదిన్నర లోపే అన్నాడు. చాలకపోతే చీటీ పాడేద్దామనుకుంటున్నాను. మరోపక్క ఇదంతా దండగేమో అని టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఆవిడ చెప్పింది నిజం. ఏజెంటు చెప్పింది సగం నిజం. ఆ సగం సంగతి ముందు తేల్చేద్దాం.

నెలకు 12,200 చొప్పున పన్నెండు నెలలకు 1,46,400 అవుతుంది. అసలు తీసేస్తే వడ్డీ 11,400. దాన్ని 1,35,000తో పోల్చి చూస్తే 8.4 శాతం. ఆయన చెప్పిన లెక్క ఇదే, దీన్ని ఫ్లాట్ వడ్డీ అంటారు. కానీ మీరు నెలనెలా అసలు కూడా తీరుస్తున్నారు కదా! ఆరేడు నెలలు గడిచేసరికి బాకీ సగమే ఉంటుంది, వడ్డీ మాత్రం మొదటి రోజు బాకీ మీదే చివరిదాకా పడుతుంది. తగ్గుతున్న బాకీ మీద లెక్క కడితే అది 15 శాతం పైమాటే. ఫీజు 2,000 కూడా కలిపితే 18కి చేరువ. ఇంకెవరైనా ఫ్లాట్ రేటు చెబితే దాదాపు రెట్టింపు అనుకోండి, పెద్దగా తప్పు పోదు.

పైగా 7,000 మిగిలే ఇంట్లో 12,200 కిస్తీ అంటే ప్రతి నెలా 5,200 లోటు. అందుకే కదా చీటీ గుర్తొచ్చింది. ఐదు నెలలాగితే దాదాపు నిండుగా వచ్చే సొమ్మును పాటలో కోసుకుని తెచ్చుకుంటారు, తెచ్చుకున్నాక కూడా మిగిలిన వాయిదాలు కట్టాలి. వద్దు. (రిజిస్టరు చేసిన చీటీయే కదా? ఆ మాట మీరు రాయలేదు. కాకపోతే ఇంక కొత్తది వేయకండి.)

ఇక దండగేమో అన్న మాట. ఇరవై ఏళ్లుగా జనం డబ్బు లెక్కలు చూస్తున్నాను. కలిసి తిరగడానికి పెట్టిన ఖర్చును నేను ఎప్పుడూ దండగ పద్దులో రాయలేదు. దానికి మా నాన్నే కారణం.

ఆయన విజయనగరం దగ్గర జూట్ మిల్లులో పనిచేసేవారు. నాకు పదకొండేళ్లప్పుడు మిల్లు లాకౌట్ అయింది. ఆ కార్తీకంలో కూడా ఎప్పటిలాగే రామతీర్థం వెళ్లాం. అమ్మ స్టీలు క్యారేజీలో పులిహోర సర్దింది. అడుగు గిన్నెలో గోంగూర పచ్చడి. బోడికొండ ఎక్కి దిగాం. చెట్టు కింద తిన్నాక నాన్న జేబులోంచి ఒక చిన్న నోటుబుక్కు తీశారు. మన దగ్గర రెండు వేల నాలుగు వందలు ఉన్నాయి, మిల్లు ఎప్పుడు తెరుస్తారో తెలీదు, అని మా అందరి ముందూ చెప్పేశారు. ఇంట్లో ఆ మాట ఆయన నోటికి రాలేదు మరి. ఇంట్లో అమ్మ వంటగదిలో, నాన్న వీధి అరుగు మీద, మేం పుస్తకాల్లో. అక్కడ ఎవరికీ వేరే గది లేదు. ఎవరూ మాట్లాడలేదు కాసేపు. అప్పుడు మా తమ్ముడు, వాడికి ఏడేళ్లు, "మరి ఇంటికెళ్లడానికి బస్సు డబ్బులున్నాయేటి నాన్నా?" అన్నాడు. నాన్న పకపకా నవ్వి, బస్సు చార్జీ లెక్కపెట్టి వాడి నిక్కరు జేబులోనే వేసి, "ఇవి ముట్టకు, ఎవరడిగినా ఇవ్వకు, నేనడిగినా ఇవ్వకు" అన్నారు. వాడు బస్సెక్కేదాకా జేబు మీంచి చెయ్యి తీయలేదు.

మిల్లు తెరవడానికి నెలలు పట్టింది. ఆ నెలలన్నీ ఇంట్లో ప్రతి ఖర్చుకీ ముందు ఎవరో ఒకరు "బస్సు డబ్బులు పక్కన పెట్టారా?" అనేవాళ్లం. కిరాణా కొట్టులో అరువు ఎంతుందో నాకు తెలుసు, అక్కకి తెలుసు. తెలిసింది కాబట్టి అడగడం మానేశాం, అలగడం కూడా మానేశాం. ఇప్పటికీ నేను కారు కొంటానన్నా, అక్క ఫ్లాటు కొంటానన్నా ఫోనులో ముందు వినబడేది ఆ ప్రశ్నే. అత్యవసర నిధి అని నేను క్లయింట్లకు గంటసేపు చెప్పేది మా తమ్ముడు ఆ రోజు ఒక్క ముక్కలో అడిగేశాడు.

రామతీర్థం విజయనగరానికి ఎంత దూరమని? పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేసే దూరం. పనిచేసింది దూరం కాదు, అందరం ఒకే చెట్టు కింద కూర్చోవడం, ఒకే సంచి మోయడం, ఒకే బస్సు కోసం చూడటం. ప్యాకేజీ టూరులో ఈ పనులన్నీ ఏజెంటు చేసిపెడతాడు, అందుకే డబ్బు తీసుకుంటాడు. మీరు కిటికీ పక్కన కూర్చుంటారు. అమ్మాయి ఫోను కూడా పక్కనే కూర్చుంటుంది.

కాబట్టి మీకు నేను చెప్పేది చిన్న చిన్న ప్రయాణాలు, తరచుగా, చేతిలో డబ్బుతో. నెలకు 1,000 దీనికి తీయండి, అంతకు మించొద్దు. రెండు నెలలకోసారి బయల్దేరండి. మిగిలిన 6,000 ఐదు నెలలు అత్యవసర నిధికి వెళితే 25,000 కాస్తా 55,000 అవుతుంది. అప్పటికి చీటీ చేతికొస్తుంది. ముందు బంగారం విడిపించండి, కమిషను పోను మిగిలిన ముప్పై ఏదో వేలు కూడా నిధిలోకే. మీ ఇంటి ఖర్చు నెలకు 35,000 దాకా ఉన్నట్టుంది. మూడు నెలల ఖర్చు, అంటే లక్షా ఐదు వేలు నిండేదాకా వేరే ఆలోచన పెట్టుకోకండి. అది మీ బస్సు డబ్బులు.

మొదటి ప్రయాణానికి నా ఓటు పొందూరుకి. మీ ఆవిడ కుట్టుపని చేస్తారన్నారు కాబట్టి. అక్కడ సన్న ఖాదీకి దూదిని వాలుగ చేప దవడతో ఏకుతారు. సన్నని పళ్లున్న ఆ దవడ ఎముకే వాళ్లకు దువ్వెన. ఆ తరవాత రాట్నం మీద నూలు. రోజూ గుడ్డ కత్తిరించే మనిషికి అక్కడ చూడటానికీ అడగటానికీ చాలా ఉంటుంది, పిల్లలు వాళ్లమ్మను పనితెలిసిన మనిషిగా చూడటం మరో లాభం. చలికాలమైతే టెక్కలి వైపు తేలినీలాపురం. పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కడతాయి, చూసినందుకు పెద్ద ఖర్చేమీ ఉండదు. మరోసారి శాలిహుండం బౌద్ధ స్తూపాలు చూసి, అటునుంచి కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోటుకి.

ఖర్చంటారా, లెక్క చూడండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రమంతా ఆడవాళ్లకు ఉచితం. మీ అమ్మగారికి, మీ ఆవిడకు, అమ్మాయికి జీరో టికెట్టు. అబ్బాయికి సగం. అంటే అయిదుగురి ఇంటికి ఒకటిన్నర టికెట్టు! సూపర్ లగ్జరీ ఎక్కితే మాత్రం ఆడవాళ్లకూ చార్జీ పడుతుంది, అది గుర్తుంచుకోండి.

డబ్బు మీ జేబులో పెట్టుకోకండి. వెయ్యో పదిహేను వందలో నగదుగా ఒక కవరులో పెట్టి అమ్మాయికివ్వండి. లెక్క తను రాస్తుంది. ఎంత మిగిలిందో అడిగితే చెప్పాలి, అంతే. ఫోనులోనే రాసుకోనివ్వండి, ఆ ఫోను ఒక్కరోజు ఇంటి పని చేస్తుంది. తిరుగు చార్జీ అబ్బాయి జేబులో. తిండి ఏం తీసుకెళ్లాలన్నది మీ అమ్మగారి నిర్ణయం. ఇది చిన్న విషయం కాదు. భర్త పోయాక ఇంట్లో పెద్దవాళ్లను ఏ మాటా అడగం, కూర్చోబెట్టి గౌరవిస్తున్నాం అనుకుంటాం. ఆవిడ గుమ్మం దాటకపోవడంలో దుఃఖం ఎంత, పని లేకపోవడం ఎంత అన్నది మీకే తెలియాలి. మొదటిసారి రానంటే బతిమాలకండి. ఆవిడ చేత చేయించిన చోడి రొట్టెలు తీసుకెళ్లి, సాయంత్రం వచ్చి ఎలా ఉన్నాయో చెప్పండి. రెండోసారి చూద్దాం.

బస్సు తప్పుతుంది. వాన పడుతుంది. కవరులో డబ్బు భోజనానికి ముందే అయిపోతుంది. అప్పుడు ఏటీఎంకి పరుగెత్తకండి, ఏం చేద్దాం అని ఆ ఇద్దరు పిల్లల్నీ అడగండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరవాత పలాస వైపు తెలిసినవాళ్ల ఇళ్లకు వెళ్లాను. జీడి, కొబ్బరి తోటలు నేలమట్టం, రోజుల తరబడి కరెంటు లేదు, ఏటీఎంలు లేవు. ఒక ఇంట్లో కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో ఉన్నాయి, అది ఎక్కడుందో పదేళ్ల పిల్లకు కూడా తెలుసు. ఏడాదికోసారి రైలెక్కే ముందు ఆ సంచి సర్దడం వాళ్లకు అలవాటట. ఇంకో ఇంట్లో భర్త హైదరాబాదులో. పాస్‌బుక్కు ఎక్కడుందో భార్యకు తెలియదు, ఫోను కలవదు. రెండిళ్లకూ నష్టం దాదాపు ఒకటే. మొదటి ఇంటివాళ్లు మర్నాడే పనిలో పడ్డారు.

కేరళ వద్దని నేననడం లేదు. నిధి నిండాక, చీటీకి కట్టిన 5,000 ఏడాదిపాటు బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ వేయండి. పోస్టాఫీసు ఆర్డీ ఐదేళ్లది, దీనికి పనికిరాదు. 60,000, పైన వడ్డీ కొంత. ధన్‌బాద్ - అలెప్పి ఎక్స్‌ప్రెస్, మనవాళ్లు బొకారో అంటారే, అది విజయనగరం మీదుగానే వెళ్తుంది. రిజర్వేషను 60 రోజుల ముందే తెరుస్తారు. అబ్బాయికి బెర్తు కావాలంటే పూర్తి టికెట్టే, ఐదేళ్లు దాటితే అంతే. పెద్దవాళ్ల రాయితీ 2020లో ఎత్తేశారు, మీ అమ్మగారికి కూడా పూర్తి చార్జీ వేసుకోండి. ప్యాకేజీలో సగం ఖర్చుతో ప్రయత్నించొచ్చు. అప్పటికి లెక్క రాసే అమ్మాయి చేయి తిరిగి ఉంటుంది, హోటల్ గది బేరం కూడా తనకే వదిలేయండి.

ఒక్క పని మాత్రం ఈ వారమే చేయండి. జీరో టికెట్టుకు మీ అమ్మగారి గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి. అది వెతికేటప్పుడు బీరువాలో మీ నాన్నగారి పాస్‌బుక్కులు, ఎల్ఐసీ కాగితాలు లాంటివి కనబడితే పక్కన పెట్టండి. వాటిలో నామినీ ఎవరున్నారో, ఏవేవి ఇంకా క్లెయిము చేయలేదో చూసి నాకు మళ్లీ రాయండి.