1956లో సూయజ్ కాలువ విషయంలో నెగ్గిన ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ 1967లో ఇజ్రాయెల్‌తో యుద్ధంలో ఎందుకు అంత ఘోరంగా దెబ్బతిన్నాడు?

రెండోసారి అదృష్టం కలిసిరాలేదా అని అడిగారు. మొదటిసారి అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ రూపంలో అదృష్టం కలిసొచ్చిన మాట నిజమే. కానీ నా లెక్కలో అసలు తేడా ముందస్తు ఏర్పాట్లలో ఉంది.

అస్వాన్ డ్యామ్‌కు ఇస్తామన్న సాయాన్ని అమెరికా 1956 జులై 19న వెనక్కి తీసుకుంది. సరిగ్గా వారానికి, 26న, సూయజ్ కాలువను జాతీయం చేస్తున్నామని ప్రకటించేందుకు అలెగ్జాండ్రియా సభలో నాసర్ మాట్లాడుతున్నాడు. ఇంజనీరు మహమూద్ యూనిస్ మనుషులు రేడియో దగ్గర చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. కాలువ తవ్వించిన ఫ్రెంచివాడు 'డి లెసెప్స్' పేరు వినబడగానే వాళ్లు కాలువ నడిపే కంపెనీ ఆఫీసుల్లోకి వెళ్లి స్వాధీనం చేసుకోవాలి. ఎవరికైనా వినపడకపోతే ఎలా అని కాబోలు, నాసర్ ఆ పేరును పదేపదే పలికాడు! ఉపన్యాసం ముగిసేసరికి ఆఫీసులు చేతికొచ్చేశాయి.

చట్టం వైపు కూడా సందు వదల్లేదు. కంపెనీ ఈజిప్టు చట్టాల కిందే నమోదైంది. వాటాదారులకు పారిస్ మార్కెట్‌లో ముందురోజు ముగింపు ధర కట్టిస్తామన్నారు. పాత కంపెనీ ఖాతాకే రుసుం కట్టిన ఓడలను కూడా ఆపలేదు, ఆపితే బ్రిటన్‌కు సాకు దొరికినట్టే. కాలువ విషయం తేల్చడానికి పెట్టిన ఆగస్టు లండన్ సమావేశానికి ఈజిప్టు వెళ్లకపోయినా, అక్కడ మన కృష్ణ మీనన్ ప్రత్యామ్నాయ ప్రతిపాదన పెట్టాడు. సెప్టెంబరు మధ్యలో విదేశీ పైలట్లు మూకుమ్మడిగా వెళ్లిపోయారు. కాలువ మూతపడుతుందనుకున్నారు అందరూ. ఈజిప్టు, గ్రీకు పైలట్లు అదనపు డ్యూటీలు చేసి నడిపించారు. అక్టోబరు చివర ఇజ్రాయెల్, బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి యుద్ధానికి వచ్చినప్పుడు సైనికంగా ఈజిప్టు ఓడిందనే చెప్పాలి. పౌండు పడిపోతుంటే అమెరికా ఆదుకోనంది, బ్రిటన్ వెనక్కి తగ్గక తప్పలేదు.

ఇక 1967. సిరియా సరిహద్దులో ఇజ్రాయెల్ సేనలు మోహరిస్తున్నాయని మే 13న సోవియట్ కబురు వచ్చింది. సైన్యాధికారి ఫౌజీ స్వయంగా డమాస్కస్ వెళ్లి చూసి, అలాంటిదేమీ లేదన్నాడు. అయినా నాసర్ అడుగు వెనక్కి వేయలేదు. సరిహద్దులో ఉన్న ఐక్యరాజ్యసమితి దళాన్ని వెళ్లిపొమ్మన్నాడు, 22న ఇజ్రాయెల్ ఓడలకు దారైన తిరాన్ జలసంధి మూసేశాడు. అప్పటికి మేలైన దళాలు చాలావరకు యెమెన్ అంతర్యుద్ధంలో ఇరుక్కుని ఉన్నాయి.

సైన్యం మాత్రం సర్వసేనాధిపతి ఆమెర్ చేతిలో ఉంది. నాసర్‌కు ఆప్తమిత్రుడు, 1953లో మేజర్ నుంచి ఒక్క గంతులో మేజర్ జనరల్ అయినవాడు. 1961లో ఈజిప్టుతో కలిసి ఒకే దేశంగా ఉన్న సిరియా విడిపోయినప్పుడు డమాస్కస్‌లో ఉన్నది ఇతనే, విమానం ఎక్కించి కైరోకు పంపేశారు. అప్పుడైనా తప్పించాల్సింది. 1962లో నాసర్ ప్రయత్నించాడు గానీ సైన్యం ఆమెర్ వెంటే ఉండటంతో తగ్గాడు. జూన్ 5 పొద్దున ఆమెర్ సినాయ్‌కి విమానంలో వెళ్తున్నాడని, పొరపాటున కాల్చకుండా విమాన విధ్వంసక తుపాకులకు ఆంక్షలు పెట్టారు. ఇజ్రాయెల్ విమానాలు సరిగ్గా అప్పుడే వచ్చాయి. మర్నాడే సినాయ్ ఖాళీ చేయమని ఆమెర్ ఇచ్చిన ఆదేశంతో వెనుదిరగడం కాస్తా పరుగైంది.

9న నాసర్ రాజీనామా ప్రకటిస్తే జనం వీధుల్లోకొచ్చి వద్దన్నారు, మర్నాడు ఉపసంహరించుకున్నాడు. కాలువ మూతపడి ఆదాయం పోయింది. ఆగస్టులో ఖార్టూమ్‌లో జరిగిన అరబ్ దేశాల సమావేశంలో సౌదీ, కువైట్, లిబియా డబ్బు సర్దుతామన్నాయి. సౌదీతో ఒప్పందం కుదిరి, ఆ ఏడాది చివరికల్లా యెమెన్ నుంచి సైన్యం వెనక్కి వచ్చింది.