‘ప్రెజెంట్’ను ఎక్కడ విరవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. ‘ప్రెజెంట్’ అనే ఇంగ్లిష్ మాటను సిలబుల్స్‌గా విడగొట్టమన్నారు. ఒక డిక్షనరీ యాప్‌లో ఎస్ అక్షరం తర్వాత గీత ఉంది, క్లాసు వాట్సాప్ గ్రూపులో వచ్చిన యాప్‌లో ఎస్‌కు ముందే ఉంది. స్పీకర్ బొమ్మ నొక్కితే రెండూ ఒకేలా పలుకుతున్నాయి. దేన్ని నమ్మాలి? స్క్రీన్‌షాట్లు పంపుతున్నాను.

జవాబు: రెండూ సగం ఒప్పే. హాజరు, ప్రస్తుతం, బహుమతి అనే అర్థాల్లో ఎస్ తర్వాత విరిచి, మొదటి ముక్కను ఒత్తి ‘ప్రెజంట్’ అనాలి. అవార్డు అందించడం, స్లైడ్లు చూపించడం లాంటి పని చెప్పేటప్పుడు ఎస్‌కు ముందు విరిచి, రెండో ముక్కను ఒత్తి ‘ప్రిజెంట్’ అనాలి. ‘రికార్డ్’, ‘ప్రాజెక్ట్’ కూడా ఇదే బాపతు. వీటి మీద ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. తప్పు పిల్లలది కాదు, మాటకో ఆడియో తగిలించి అన్ని అర్థాలకూ దాన్నే వినిపించే యాప్‌లది.

ఈ చిక్కు పాతదే. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ రాసిన ‘టెక్’ అనే అచ్చుకూర్పు సాఫ్ట్‌వేర్ కోసం, వరుస చివర మాటను ఎక్కడ విరవాలో తేల్చే పద్ధతిని ఆయన శిష్యుడు ఫ్రాంక్ లియాంగ్ తయారుచేశాడు. 1983లో స్టాన్‌ఫర్డ్‌లో లియాంగ్ పీహెచ్‌డీ దాని మీదే. ఆ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే మినహాయింపుల పట్టికలో ఉన్నవి 14 మాటలే. వాటిలో ‘ప్రెజెంట్’, ‘ప్రాజెక్ట్’ ఒక్క గీత కూడా లేకుండా ఉంటాయి. ఏ అర్థమో తేలనప్పుడు విరవకుండా వదిలేయడమే మేలు కదా. ఇప్పటి యాప్‌లకు ఆ పాటి జాగ్రత్త కూడా లేదు.

సిలబుల్స్ సంగతి అలా ఉంచండి. మీ రెండో స్క్రీన్‌షాట్ చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. తెర మీద ఏ మాట నొక్కినా అర్థం చెబుతానంటూ ఆ యాప్ యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడుగుతోంది. అది చూపు లేనివాళ్లకూ, చేతులు సరిగా ఆడనివాళ్లకూ సాయంగా పెట్టిన సౌకర్యం. అది ఇస్తే తెర మీద కనిపించేదంతా యాప్ చదవగలదు, మీ బదులు బటన్లు కూడా నొక్కగలదు. బ్యాంకు ఖాతాలు ఊడ్చేసే మాల్వేర్‌కు ఇష్టమైన దారి ఇదే. అందుకే ఆండ్రాయిడ్ 13 నుంచి, ప్లే స్టోర్‌లో కాకుండా బయట దొరికిన ఏపీకే ఫైలుగా వేసుకున్న యాప్‌లకు ఈ పర్మిషన్ అంత తేలిగ్గా దొరకదు. ‘అలౌ రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్’ నొక్కి ఆ అడ్డు తీసేయమని మీ యాప్ బొమ్మలు గీసి మరీ నేర్పుతోంది! మాటకు అర్థం చెప్పడానికి వచ్చినవాడికి బీరువా తాళాలెందుకు?

ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ముందు సెట్టింగ్స్‌లో ఆ పర్మిషన్ ఆపండి, తర్వాత యాప్ తీసేయండి. తీయబోతే వెనక్కి తోసేస్తుంటే సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు నడవకుండా ఫోన్ తెరుచుకునే పద్ధతి) ప్రయత్నించండి. బ్యాంకు పాస్‌వర్డ్ వేరే ఫోన్ నుంచి, యూపీఐ పిన్ ఆ యాప్ తీసేశాక మార్చుకోండి. గ్రూపులో మిగతా తల్లిదండ్రులకూ ఈ రాత్రే చెప్పండి.

హోంవర్క్‌కు బ్రౌజర్‌లో తెరుచుకునే నిఘంటువు చాలు. రెండు విరుపులూ రాసి, ఒకదాని పక్కన నామవాచకం, రెండోదాని పక్కన క్రియ అని వేయమనండి.