చైనా నుంచి ఎల్‌సీఎల్‌లో విశాఖ పోర్టుకు సరకు: రాజాం నుంచి అడిగిన ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మాది రాజాం. చైనా నుంచి ఓడలో ఎల్‌సీఎల్‌గా (కంటైనరులో కొంత భాగమే మనది, మిగతాది ఇతరుల సరకు) మూడు సీబీఎం (ఘనపు మీటర్లు) సరకు తెప్పించి ఆన్‌లైన్‌లో అమ్ముదామనుకుంటున్నాం. వంటింటి సామాను, కొన్ని పిల్లల బొమ్మలు. ఒక ఏజెంటు కిలోకి ఇంతని డోర్ డెలివరీ రేటు చెప్పి, ఐఈసీ (దిగుమతిదారు కోడ్) కూడా అక్కర్లేదంటున్నాడు. నమ్మొచ్చా? డ్యూటీ ఎంత పడుతుంది?

జవాబు: ముందు బొమ్మలు లిస్టులోంచి తీసేయండి. 2021 జనవరి 1 నుంచి వాటికి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. ఆ మార్కుకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ఇచ్చే లైసెన్సు మీ పేరున కాదు, తయారుచేసే ఫ్యాక్టరీ పేరున ఉండాలి. అలాంటి చైనా ఫ్యాక్టరీ దొరకడమే గగనం. పైగా 2023లో బేసిక్ డ్యూటీని 60 నుంచి 70 శాతానికి పెంచారు. ఒకే బిల్ ఆఫ్ ఎంట్రీలో (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) బొమ్మలూ గరిటెలూ కలిస్తే, బొమ్మల మీద వచ్చిన అభ్యంతరానికి గరిటెలు కూడా సీఎఫ్‌ఎస్‌లో (పోర్టు దగ్గర కంటైనర్లు విప్పే గోడౌన్) అద్దె కడుతూ కూర్చుంటాయి.

వంటింటి సామాను కదా, ఏ గొడవా ఉండదనుకోకండి. స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకు 2024 మార్చిలో క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్ (ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి చేసే ఉత్తర్వు) ఇచ్చారు. మంచినీళ్ల స్టీలు బాటిళ్లకూ ఉంది. సప్లయర్ సర్టిఫికెట్ ఉందంటే సీఎం/ఎల్ (బీఐఎస్ లైసెన్సు) నంబరు అడిగి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. యూరప్ సర్టిఫికెట్ పంపి ‘ఇదే అది’ అంటారు, అది ఇక్కడ పనికిరాదు. లైసెన్సు లేని సరకు పోర్టుకు వచ్చాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. వెనక్కి పంపాలి, లేదా ధ్వంసం చేయించాలి. ఆ ఖర్చూ మీదే.

ఇక ఆ ఏజెంటు సంగతి. ఐఈసీ అక్కర్లేదంటే అర్థం, సరకు వేరెవరి ఐఈసీ మీదో వస్తుందని. బిల్ ఆఫ్ ఎంట్రీలో మీ పేరు ఉండదు. కాబట్టి ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ) క్రెడిట్ రాదు, సరకు ఎక్కడిదని జీఎస్టీ వాళ్లు అడిగితే చూపడానికి కాగితం ఉండదు, చైనాకు పంపిన డబ్బుకు బ్యాంకు లెక్క తేలదు. ఆ కిలో రేటు చౌకగా కనిపించేది విలువ తగ్గించి చూపడం వల్లే. డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) సైట్‌లో ఐఈసీ ఫీజు 500 రూపాయలే. ఏటా ఏప్రిల్–జూన్ మధ్య మార్పులు లేకపోయినా అప్‌డేట్ చేయాలి, లేకపోతే డీయాక్టివేట్ అవుతుంది. డబ్బు కరెంట్ అకౌంట్ నుంచి టీటీ (బ్యాంకు నుంచి నేరుగా విదేశానికి బదిలీ) ద్వారానే పంపండి. అడ్వాన్సు అయితే బ్యాంకుకు చెప్పాల్సిన పర్పస్ కోడ్ (డబ్బు ఎందుకు పంపుతున్నారో చెప్పే కోడ్) ఎస్0101. సరకు విడుదలయ్యాక బిల్ ఆఫ్ ఎంట్రీ వివరాలు బ్యాంకుకు ఇచ్చి ఐడీపీఎంఎస్‌లో (దిగుమతి చెల్లింపులను గమనించే ఆర్‌బీఐ వ్యవస్థ) ఆ ఎంట్రీ మూయించండి. అది తెరిచి ఉంటే తర్వాతి పేమెంట్‌కు బ్యాంకు సతాయిస్తుంది.

డ్యూటీ లెక్క ఇలా ఉంటుంది. సరకు ఎఫ్‌ఓబీ విలువ (చైనాలో ఓడ ఎక్కించేదాకా ఉన్న ధర) లక్ష రూపాయలనుకోండి. ఫ్రైట్ (ఓడ కిరాయి) కాగితం లేకపోతే 20 శాతం, ఇన్సూరెన్స్ కాగితం లేకపోతే 1.125 శాతం కలుపుతారు. మొత్తం 1,21,125. బేసిక్ డ్యూటీ 20 శాతమైతే 24,225. దాని మీద సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జి పదోవంతు, 2,422.50. ఇవన్నీ కలిపిన 1,47,772.50 మీద ఐజీఎస్టీ 18 శాతమైతే 26,599. కట్టేది మొత్తం 53,247 దాకా, అందులో ఐజీఎస్టీ క్రెడిట్‌గా వస్తుంది. అసలు రేట్లు హెచ్‌ఎస్‌ఎన్‌ను (సరకు వర్గీకరణ కోడ్) బట్టి ఉంటాయి, హెచ్‌ఎస్‌ఎన్ దేనితో చేశారన్న దాన్ని బట్టి మారుతుంది: ప్లాస్టిక్ 3924, స్టీలు 7323, అల్యూమినియం 7615, చెక్క 4419. అందుకే ఇన్వాయిస్‌లో ‘కిచెన్ ఐటమ్స్’ అని ఒక్క ముక్క రాయించకండి. ఏ మెటీరియల్, ఏ మోడల్, ఎన్ని పీసులు, పీసు ధర, బరువు వరుసవారీగా ఉండాలి. 2020 అక్టోబరు చివరి నుంచి దేశమంతా ఫేస్‌లెస్ అసెస్‌మెంట్. మీ ఫైలు చూసే అధికారి ఇంకో ఊళ్లో ఉండొచ్చు, సీహెచ్‌ఏ (కస్టమ్స్ ఏజెంటు) పరిచయాలు అక్కడ పనిచేయవు. కేటలాగు, ఆర్డరు కాపీ, బ్యాంకు స్విఫ్ట్ కాపీ (డబ్బు పంపిన రుజువు) ముందే ఈ-సంచిత్‌లో (కస్టమ్స్‌కు కాగితాలు ఎక్కించే ఆన్‌లైన్ వ్యవస్థ) ఎక్కిస్తే క్వెరీలు తగ్గుతాయి.

కొత్తవాళ్ల జేబు ఎక్కువగా చిరిగేది డ్యూటీతో కాదు, ఎల్‌సీఎల్ లోకల్ ఛార్జీలతో. సప్లయర్ ‘సీఐఎఫ్ విశాఖ, ఫ్రైట్ నామమాత్రం’ (విశాఖ దాకా ఇన్సూరెన్స్, ఫ్రైట్ ధరలోనే కలిసి) అంటే సంబరపడకండి. అక్కడ తగ్గించింది ఇక్కడ డెలివరీ ఆర్డర్, డీస్టఫింగ్ (కంటైనరు నుంచి సరకు దించడం), టీహెచ్‌సీ (టెర్మినల్ హ్యాండ్లింగ్ ఛార్జి) పేర్లతో రాబడతారు. ఎఫ్‌ఓబీలో కొని, ఫార్వర్డర్‌ను (ఓడ రవాణా ఏర్పాటు చేసే ఏజెంటు) మీరే పెట్టుకుని, విశాఖలో పడే ఛార్జీలన్నీ సరకు ఎక్కకముందే మెయిల్‌లో రాయించుకోండి. బీఎల్‌లో (ఓడ కంపెనీ ఇచ్చే సరకు రసీదు) డిశ్చార్జ్ పోర్టు (సరకు దించే రేవు) విశాఖేనా, చెన్నైయా చూడండి. చెన్నై అయితే క్లియరెన్స్ అక్కడే చేయాల్సి రావచ్చు. (శ్రీకాకుళం జిల్లాలో మూలపేట పోర్టు వచ్చేస్తోంది కదా అంటారు కొందరు. పలువురి సరకు కలిపి పంపే ఎల్‌సీఎల్ కన్సాలిడేటర్ కంటైనరు ఎక్కడికి నడిపితే మన సరకు అక్కడికే.) ఒరిజినల్ బీఎల్ కొరియర్‌లో ఆలస్యమైతే సరకు ఆగుతుంది, కాబట్టి డబ్బు తేలగానే టెలెక్స్ రిలీజ్ (ఒరిజినల్ బీఎల్ లేకుండానే సరకు ఇచ్చే ఏర్పాటు) అడగండి. చెక్క ప్యాలెట్లు వాడితే వాటి మీద ఐఎస్‌పీఎం 15 ముద్ర (చెక్కను పురుగు లేకుండా శుద్ధి చేసినట్టు గుర్తు) ఉండాలి.

లేబుళ్లు చైనాలోనే అతికించుకోండి. ఇంపోర్టరుగా మీ పేరు, రాజాం చిరునామా, తయారైన దేశం, నెల–సంవత్సరం, పరిమాణం, ఎమ్మార్పీ, కస్టమర్ కేర్ నంబరు ఉన్న పీడీఎఫ్ సప్లయర్‌కు పంపి, అతికించాక ఫొటో తెప్పించుకోండి. సీఎఫ్‌ఎస్‌లో కార్టన్లు విప్పి అతికించడానికి అనుమతీ, కూలీ, రోజులూ మూడూ ఖర్చే.

బిల్ ఆఫ్ ఎంట్రీ ఓడ చేరే రోజుకు ముందురోజు ముగిసేలోగా పడాలి. దాటితే మొదటి మూడు రోజులు రోజుకు 5,000, తర్వాత రోజుకు 10,000. అసెస్ అయి తిరిగొచ్చాక డ్యూటీ మర్నాటికల్లా కట్టకపోతే ఏడాదికి 15 శాతం వడ్డీ. కొత్త ఐఈసీ అయితే సరకు తెరిచి చూసే అవకాశం ఎక్కువ, ఆ రెండు మూడు రోజులూ అద్దెలో కలిపే లెక్కేసుకోండి.

అవుట్ ఆఫ్ ఛార్జ్ (కస్టమ్స్ విడుదల ఉత్తర్వు) రాగానే రాజాం బండికి ఈ-వే బిల్లు మీరే తీయాలి: ఇన్‌వర్డ్, ఇంపోర్ట్, డాక్యుమెంట్‌గా బిల్ ఆఫ్ ఎంట్రీ. నెల తిరిగాక జీఎస్టీఆర్-2బీలో (మీకు వచ్చే క్రెడిట్ల నెలవారీ జాబితా) ఐజీఎస్టీ పడిందో లేదో చూడండి. పడకపోతే జీఎస్టీ పోర్టల్ యూజర్ సర్వీసెస్‌లో బిల్ ఆఫ్ ఎంట్రీ వెతికే ఆప్షన్ ఉంది. అక్కడ పోర్టు కోడ్ (విశాఖకు ఐఎన్‌వీటీజెడ్1), నంబరు, తేదీ ఇవ్వండి.