నందివర్ధనం లాంటి తెల్లపువ్వును తెల్లకాగితం మీద వాటర్‌కలర్‌తో వృక్షశాస్త్ర చిత్రంగా, అంటే మొక్క ఉన్నది ఉన్నట్టుగా, ఎలా వేయాలి?

తెల్లరంగు జోలికి పోవద్దు, కాగితమే తెలుపు. పువ్వు కనబడేది నీడల వల్ల, వెనకున్న ఆకుల వల్ల. అందుకే కొమ్మ ఎంచుకునేటప్పుడే ఒకటి రెండు రేకల వెనక ముదురు ఆకు పడేలా చూసుకోండి. సగం పని అక్కడే అయిపోతుంది.

తిరుపతి లాంటి చోట ఎండలకు కోసిన పువ్వు త్వరగా వడిలిపోతుంది. పొద్దున్నే కోసి, కాడకు కారే పాలు తుడిచి, నీళ్లలో పెట్టి, ముందు పువ్వే గీయండి. ఆకులు సాయంత్రం దాకా ఆగుతాయి. ఒంటిరెక్క నందివర్ధనంలో ఐదు రేకలూ గాలిమరలా ఒకే వైపు తిరిగి ఉంటాయి. ఆ తిరుగుడు తారుమారైతే రంగులు ఎంత కుదిరినా అది వృక్షశాస్త్ర చిత్రం కాదు. కొలతలు డివైడర్‌తో తీసుకుని అసలు సైజులోనే వేయండి.

నీడకు అల్ట్రామెరైన్ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమరంగు) కలిపి బాగా పలచన చేయండి. నలుపు కలిపితే రేక మురికిగా కనిపిస్తుంది. ఆకు పక్కనున్న అంచుకు కాస్త ఆకుపచ్చ, రేకలు కలిసే నడిమి గొంతు దగ్గర లేత పసుపు చాలు. రేక చుట్టూ గీత మాత్రం వద్దు.

మే నెలలో ఫ్యాన్ కింద వేస్తే రంగు అంచు వెంటనే ఆరి గట్టి గీతలా మిగులుతుంది. ఫ్యాన్ ఆపి, రేకను ముందు ఒట్టి నీళ్లతో తడిపి, నీటి మెరుపు తగ్గాక రంగు తాకించండి. కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల మందం) హాట్‌ప్రెస్ (నున్నటి) కాటన్‌ది తీసుకోండి, పలచటిదైతే తడికి ఉబ్బుతుంది.