ఖాళీ ఇంట్లో నీళ్ల వాల్వు తిప్పే ఇన్‌స్పెక్టరుకు ఏ బీమా ఉండాలి?

ప్రశ్న: డాలస్ శివారులో సొంతంగా హోమ్ ఇన్‌స్పెక్టరుగా (అమ్మకానికి పెట్టిన ఇళ్లను తనిఖీ చేసి నివేదిక ఇచ్చే పని) పనిచేస్తున్నాను. చాలా నెలలుగా ఖాళీగా ఉన్న ఒక ఇంటి తనిఖీకి వెళ్లినప్పుడు, అమ్మేవారి ఏజెంటు ఫోన్‌లో అడిగితే మీటరు పెట్టెలోని వాల్వు తిప్పాను. ఫ్రిజ్ తీసేసిన చోట ఐస్‌మేకర్ గొట్టానికి మూత లేదు. మేడమీద బాత్రూములు చూసి దిగేసరికి వంటింటి చెక్క నేలంతా నీళ్లు నిలిచాయి. యజమాని 14,000 డాలర్లు అడుగుతున్నారు. క్రెడిట్ కార్డు మీద నగదు తీసి ఇచ్చేయనా, 401(కె) అనే నా పదవీ విరమణ పొదుపు ఖాతా నుంచి అప్పు తీసుకోనా?

జవాబు: రెండూ చేయకండి. కార్డు మీద తీసే నగదుకు ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. గొడవ త్వరగా వదిలించుకోవాలన్న కంగారులో అంత ఖరీదైన అప్పు నెత్తికెత్తుకోవడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. అసలు ఆ డబ్బు మీరే ఇవ్వాలా అన్నది ఇంకా తేలలేదు. పైగా బీమా కంపెనీ అనుమతి లేకుండా మీరే తప్పు ఒప్పుకొని చెల్లిస్తే, ఆ సొమ్ము తాము భరించబోమన్న షరతు ఇలాంటి పాలసీలలో సాధారణంగా ఉంటుంది.

టెక్సస్‌లో లైసెన్సుకు కనీసం లక్ష డాలర్ల బాధ్యతా బీమా తప్పనిసరి కాబట్టి, అది ఉంటే చాలని చాలామంది ఇన్‌స్పెక్టర్లు నిశ్చింతగా ఉంటారు. మీ ప్రశ్నను ఎంచుకున్నది అందుకే. నివేదికలో దొర్లిన పొరపాటుకు వర్తించే ‘ఎర్రర్స్ అండ్ ఒమిషన్స్’ పాలసీ వేరు, మీరు చేసిన పని వల్ల ఎదుటివారి ఆస్తికి కలిగిన నష్టాన్ని భరించే ‘జనరల్ లయబిలిటీ’ పాలసీ వేరు; తడిసిన నేల మామూలుగా రెండో దాని కిందికి వస్తుంది. అది మీకు ఉందో లేదో ఎక్కడా రాయలేదు, నన్ను కలవరపెట్టింది అదే. ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత గల కంపెనీ) పెట్టుకున్నా, స్వయంగా చూపిన నిర్లక్ష్యానికి వ్యక్తిగత బాధ్యత తప్పదు.

ఆపివేసి ఉన్న సరఫరాను తెరవవలసిన బాధ్యతను రాష్ట్ర నిబంధనలు ఇన్‌స్పెక్టరు మీద పెట్టలేదు. నీళ్లు ఎవరు ఎందుకు ఆపారో మీకు తెలియదు. 2021 ఫిబ్రవరి చలికి గడ్డకట్టి పగిలిన పైపులు ఎన్ని ఇళ్లను పాడుచేశాయో టెక్సస్‌లో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. ఇకపై ఆ పని యజమానికే వదిలి, తెరిపించకపోతే ‘నీటి సరఫరా లేదు, ప్లంబింగ్ పరీక్షించలేదు’ అని నివేదికలో రాసి, మళ్లీ రావడానికి విడిగా రుసుము తీసుకోండి.

జనరల్ లయబిలిటీ లేకపోతే వెంటనే తీసుకోండి, అయితే ఈ నష్టానికి అది పనికిరాదు. డిడక్టబుల్‌కు, అంటే క్లెయిములో ముందుగా మీరే భరించవలసిన మొత్తానికి, సరిపడా సొమ్మును పొదుపు ఖాతాలో విడిగా ఉంచండి. 401(కె) అప్పు అన్ని దారులూ మూసుకుపోయాక ఆలోచించవలసిన మాట. ఎర్రర్స్ అండ్ ఒమిషన్స్ పాలసీలు చాలావరకు గడువు లోపల తెలియజేసిన క్లెయిములకే వర్తిస్తాయి కనుక, ఉన్న పాలసీలన్నిటి కంపెనీలకూ ఫోటోలతో, ఏజెంటు ఫోన్ చేసిన తేదీ, సమయంతో ఈ రోజే రాతపూర్వకంగా తెలియజేయండి. యజమానికి మాత్రం ‘నా బీమా కంపెనీకి తెలియజేశాను’ అన్న ఒక్క వాక్యం రాసి ఊరుకోండి.