మెక్‌కార్ట్నీ 2005 ఆల్బంని మెచ్చుకున్నది పాటలు వినేనా, పేరు చూసేనా?

పేరు చూసే అయితే 2001లో వచ్చిన ‘డ్రైవింగ్ రెయిన్’ని కూడా నెత్తిన పెట్టుకోవాలి కదండీ. అదే బీటిల్స్ బ్యాండు పాల్ మెక్‌కార్ట్నీ, అదే గొంతు. అయినా బ్రిటన్ చార్టులో 46 దాటి పైకి రాలేదు. మీరడిగిన ‘కేయాస్ అండ్ క్రియేషన్ ఇన్ ద బ్యాక్‌యార్డ్’ అక్కడ 10వ స్థానానికి, అమెరికాలో 6వ స్థానానికి వెళ్లింది. ఆ ఏటి ఉత్తమ ఆల్బం గ్రామీకి నామినేషన్ కూడా వచ్చింది, అవార్డు మాత్రం యూటూ బ్యాండువాళ్లు పట్టుకెళ్లారు. కాబట్టి ‘పెద్దాయన కదా, నాలుగు మంచి మాటలు అనేశారు’ అన్న మీ అనుమానం పూర్తిగా నిలవదు. కొంత నిలుస్తుంది, దానికీ వస్తాను.

తేడా ఎక్కడొచ్చిందంటే, నిర్మాత దగ్గర. అంటే డబ్బు పెట్టేవాడు కాదు, రికార్డింగు దగ్గరుండి నడిపించేవాడు. మెక్‌కార్ట్నీ, బీటిల్స్ పాటలు రికార్డు చేసిన జార్జ్ మార్టిన్‌నే అడిగితే, ఆయన నైజెల్ గాడ్‌రిచ్ పేరు చెప్పాడు. రేడియోహెడ్ అనే బ్యాండుకి ‘ఓకే కంప్యూటర్’ ఆల్బం చేసిన కుర్రాడు. పని మొదలయ్యేనాటికి అతనికి ముప్పై దాటి ఎంతో కాలేదు, మెక్‌కార్ట్నీకి అరవై దాటాయి. ఆ కుర్రాడు మొదట చేసిన పెద్ద పని, మెక్‌కార్ట్నీతో ఊరూరా తిరిగే బ్యాండుని పక్కన పెట్టేయడం. ‘మీరే వాయించండి’ అన్నాడు. దాంతో డ్రమ్స్, బాస్, పియానో, గిటార్, చివరికి ఫ్లూగల్‌హార్న్ అనే బూర కూడా చాలావరకు ఆయనే వాయించుకున్నాడు. ఒంటరిగా వాయించుకోవడం ఆయనకి కొత్త కాదు, 1970లో, 1980లో అలాగే ఆల్బంలు చేశాడు. కానీ అప్పుడు అద్దం అవతల కూర్చుని ‘ఇది బాలేదు’ అనేవాడు లేడు. ‘రైడింగ్ టు వానిటీ ఫెయిర్’ దగ్గర ఇద్దరికీ గట్టిగానే పడింది. ఆ పాట గాడ్‌రిచ్‌కి నచ్చలేదు. చివరికి మెక్‌కార్ట్నీ దాని నడక తగ్గించి, ట్యూను మార్చి మళ్లీ కట్టాడు. ఇప్పుడు వింటే ఆల్బంలో నన్ను బాగా పట్టేసే పాట అదే.

ఇది నాకెందుకు తెలుస్తుందంటే, నేను వైజాగ్‌లో ఆర్కెస్ట్రా కీబోర్డు ప్లేయర్ని. పెళ్లిళ్ల సీజన్ లేనప్పుడు రికార్డింగులకి వాయిస్తాను. కొన్నేళ్ల కిందట ఊళ్లో పేరున్న ఒక లలిత సంగీతం మాస్టారు సొంత ఆల్బం చేసుకున్నారు. ఎమ్వీపీ కాలనీలో చిన్న గది. మైక్ ఆన్ చేస్తే ఏసీ ఆపాలి, ఏసీ ఆపితే పల్లవి అయ్యేలోపు చొక్కాలు తడిసిపోవాలి. సముద్రం గాలికి గిటార్ తీగలు ఊరికే తుప్పు పట్టేస్తాయి కాబట్టి గిటారిస్టు ఎప్పుడూ ఒక కొత్త సెట్టు జేబులో పెట్టుకు తిరిగేవాడు. మాస్టారు పాడి బయటికి రాగానే మేమంతా ‘అద్భుతం మాస్టారూ’ అనేవాళ్లం. ఆయన వయసుకి, మా అవసరానికి అదే మర్యాద.

మిక్సింగ్ చేసే అబ్బాయి ఒక్కడే ఆ మాట అనలేదు. మాస్టారు ‘కొంచెం ఎకో పెంచు నాయనా’ అంటే, ‘పెంచితే మీ గొంతు దాక్కుంటుంది సార్’ అన్నాడు. గదిలో ఎవరికీ ఊపిరాడలేదు. మాస్టారు ముఖం ఎర్రబడింది. ‘నాకు నేర్పుతావా?’ అని చెప్పులేసుకుని కిందికి వెళ్లిపోయారు. టీ తాగి తిరిగొచ్చి, ‘ఏదీ, ఎకో మొత్తం తీసేసి వినిపించు’ అన్నారు. రెండో చరణం మధ్యలో ఆయన గొంతు ఒక చోట బీటవారింది. ఆ అబ్బాయి దాన్ని సరిచేయలేదు, మాస్టారూ చెయ్యమనలేదు.

ఆదరణ సంగతి అంటారా? ద్వారకానగర్‌లో సభ పెట్టారు. శాలువాలు కప్పారు, ‘గంధర్వ గానం’ అన్నారు. మాట్లాడినవాళ్లలో చాలామంది అప్పటికి ఆల్బం విననేలేదు, వాళ్ల మాటల్లోనే తెలిసిపోయింది. అసలు స్పందన నాకు తర్వాత కనబడింది. మా ఆర్కెస్ట్రాలో పాడే పిల్లలు ఆ బీటవారిన పాట ట్రాక్ ఒక్కటే అడిగి పట్టుకెళ్తుంటారు. మిగతావి ఎవరూ అడగరు.

మెక్‌కార్ట్నీకి వచ్చిన పొగడ్తలోనూ ఈ రెండూ, సభ మర్యాదా, నిజమైన ఇష్టమూ, కలిసే ఉన్నాయి. పత్రికలవాళ్లకి మంచి కథ దొరికింది: ముసలి సింహం, ఎదురు చెప్పే కుర్రాడు. ముఖచిత్రం కూడా తోడైంది. 1962లో లివర్‌పూల్‌లో వాళ్లింటి పెరట్లో గిటార్ వాయించుకుంటున్న పాల్‌ని తమ్ముడు మైక్ తీసిన ఫొటో అది. కొన్ని సమీక్షలు పాటలకన్నా ఈ కథకే ఎక్కువ మార్కులు వేశాయని నా అభిప్రాయం. మీ అనుమానం నిలిచేది ఇక్కడ. ‘ఇంగ్లిష్ టీ’ లాంటి పాట కొత్త గాయకుడెవరైనా తెస్తే అంత ముచ్చటపడేవారా? నాకైతే అందులో చక్కెర ఎక్కువైంది. గాడ్‌రిచ్ అక్కడ కూడా ఒక మాట అనాల్సింది.

కానీ ‘జెన్నీ రెన్’ వినండి. ఒక గిటార్, ఒక గొంతు, దూరంగా ఒక డ్రమ్ము దెబ్బ. అంతే. మధ్యలో ఆర్మేనియా వాళ్ల డూడుక్ వస్తుంది. మన సన్నాయిలాగా రెల్లు పీకతో ఊదేదే, కానీ నాదం బాగా మెత్తన. అలాంటి ఖాళీ కనబడితే మా ఫీల్డులో వెంటనే వయొలిన్లు పోసేస్తాం, నాకైతే చెయ్యి ఆగదు. అక్కడ ఆపగలిగారు. ‘ఫ్రెండ్స్ టు గో’ రాస్తుంటే బీటిల్స్‌లో తన జోడీ జార్జ్ హారిసన్ రాస్తున్నట్టు అనిపించిందని మెక్‌కార్ట్నీయే చెప్పాడు. అది తెలిసి వింటే పాట ఇంకోలా ఉంటుంది, తెలియకపోయినా బాగానే ఉంటుంది.

మొదటి పాట ‘ఫైన్ లైన్’ హుషారుగా ఉంటుంది గానీ దాన్ని బట్టి ఆల్బంని అంచనా వేయకండి. ‘జెన్నీ రెన్’, తర్వాత ‘రైడింగ్ టు వానిటీ ఫెయిర్’, ఈ రెండూ ఇయర్‌ఫోన్స్‌లో వినండి. అవి నచ్చకపోతే మిగతావి మీకు నచ్చవు, టైం వేస్ట్ చేసుకోకండి.